రైజెన్ 5 5600: తక్కువ బడ్జెట్ గేమింగ్ పీసీకి నేను ఎంచుకున్న ప్రాసెసర్, దాని చుట్టూ పెట్టిన పార్టులు

మా అక్క కొడుకు గేమింగ్ పీసీ కోసం రాసుకొచ్చిన లిస్టులో రైజెన్ 5 5500 ప్రాసెసర్, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నాయి. దేనికదే చూస్తే పెద్దగా వంక పెట్టడానికి లేదు. పక్కపక్కన పెడితేనే తంటా.

ఆ కార్డ్ మదర్‌బోర్డ్‌తో నాలుగు పీసీఐఈ లేన్ల (డేటా వెళ్లే దారుల) మీదే మాట్లాడుతుంది. పీసీఐఈ 4.0 వేగం ఉంటే ఆ నాలుగుతోనే ఎలాగో నెట్టుకొస్తుంది. 5500 మాత్రం దానికి ముందు తరం, సగం వేగం ఉన్న 3.0 దగ్గరే ఆగిపోయే ప్రాసెసర్. అంటే అసలే ఇరుకైన దారి ఇంకా సగమైపోయింది. కార్డ్‌లో ఉన్న మెమరీ 4 జీబీయే కాబట్టి, ఆటలో టెక్స్చర్లు (వస్తువుల మీద కనిపించే బొమ్మలు) అందులో పట్టకపోతే మాటిమాటికీ ర్యామ్ నుంచి ఆ దారిలోనే తెచ్చుకోవాలి. అక్కడే ఆట కుదుపులు మొదలవుతాయి. "బీ550 బోర్డ్ కొంటే సరిపోతుంది కదా మామయ్యా" అన్నాడు. బీ550 అంటే 4.0 ఇవ్వగల మదర్‌బోర్డ్ రకం. అయినా సరిపోదు. గ్రాఫిక్స్ కార్డ్ లేన్లు నేరుగా ప్రాసెసర్ నుంచే వస్తాయి, బోర్డ్ ఎంత కొత్తదైనా 5500 పెడితే 3.0యే.

అందుకని రెండూ కొట్టేసి రైజెన్ 5 5600, ఆర్‌ఎక్స్ 6600 రాశాను. 1080పీ మానిటర్‌కి ఈ జంట ఇప్పటికీ నాకు నచ్చుతుంది.

5500, 5600 రెండూ 2022 ఏప్రిల్‌లోనే వచ్చాయి. రెండింటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లే. నంబర్ చూసి ఒకటి రెండోదానికి కాస్త చిన్న తమ్ముడేమో అనుకుంటాం. లోపల చూస్తే 5500 అసలు ల్యాప్‌టాప్‌ల కుటుంబానికి చెందిన చిప్, అందులోని గ్రాఫిక్స్ భాగాన్ని ఆపేసి అమ్ముతున్నారు. దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 16 ఎంబీ, 5600ది 32 ఎంబీ. ఆటలకి ఈ క్యాష్ చాలా పట్టింపు. కావలసిన డేటా అక్కడ దొరక్కపోతే ప్రాసెసర్ ర్యామ్ దాకా వెళ్లి వచ్చేవరకు కూర్చోవాలి. షూటింగ్ గేముల్లో సెట్టింగ్స్ తగ్గించి ఫ్రేములు పెంచుకునే మావాడిలాంటి వాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది. 5600జీ పేరు చూసి ఇంకా మెరుగైనదేమో అనుకోకండి. దానికీ 16 ఎంబీయే, 3.0యే. గ్రాఫిక్స్ కార్డ్ ఇప్పుడు కొనలేం, తర్వాత చూద్దాం అనుకునేవాళ్లకి మాత్రం, లోపలే గ్రాఫిక్స్ ఉంటాయి కాబట్టి, అది పనికొస్తుంది. 5600ఎక్స్ అయితే 4.4 బదులు 4.6 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. ఆ కాస్త దానికి ఎక్కువ డబ్బు పెట్టను.

ఇంటెల్ వైపు కోర్ ఐ3 12100ఎఫ్‌ని కూడా గట్టిగానే ఆలోచించాను. ఒక్కో కోర్ బలం చూస్తే 5600కి ఏమీ తీసిపోదు. కానీ 4 కోర్లే. మావాడు ఆడేటప్పుడు వెనకాల వాయిస్ చాట్, బ్రౌజర్, రికార్డింగ్ అన్నీ నడుస్తుంటాయి. అటు వెళ్లేవాళ్లు ఒకటి చూసుకోండి: ఎల్‌జీఏ1700 (ఆ ఇంటెల్ ప్రాసెసర్ కూర్చునే సాకెట్) బోర్డుల్లో డీడీఆర్4 ర్యామ్‌వి వేరు, దాని తర్వాతి తరం డీడీఆర్5వి వేరు. ఒకదాని ర్యామ్ రెండోదాంట్లో దిగదు.

బోర్డ్ విషయానికొస్తే ఏ520 రకంలో 5600 పెట్టినా గ్రాఫిక్స్ స్లాట్ 3.0యే. ఆర్‌ఎక్స్ 6600కి 8 లేన్లు, 8 జీబీ మెమరీ ఉన్నాయి కాబట్టి మరీ ఇబ్బంది పడదు. నేను మాత్రం బీ550కే వెళ్లాను, 4.0 ఎస్‌ఎస్‌డీ కూడా పెట్టుకోవచ్చని. బీ450 చవగ్గా దొరికితే దాని బయోస్ (పీసీ ఆన్ కాగానే బోర్డ్‌లో ముందుగా నడిచే ప్రోగ్రామ్) 5000 సిరీస్‌ని గుర్తుపట్టేదేనా అని ముందే అడగండి. పాత బయోస్ ఉంటే స్క్రీన్ నల్లగానే ఉంటుంది. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే బటన్ కొన్ని బోర్డులకి ఉంటుంది, అలాంటిదైతే భయం లేదు.

ర్యామ్ ఒక్క 16 జీబీ స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు, 3200 వేగంవి. నాలుగు స్లాట్లున్న బోర్డ్‌లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది. పెట్టాక బయోస్‌లోకి వెళ్లి ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేయాలి. కొన్ని బోర్డుల్లో డీఓసీపీ అని ఉంటుంది. చేయకపోతే 3200 అని కొన్న ర్యామ్ 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తూ ఉంటుంది, ఎవరూ వచ్చి చెప్పరు. టాస్క్ మేనేజర్‌లో ఒకసారి చూసుకోండి.

డబ్బాలో వచ్చే రెయిత్ స్టెల్త్ కూలర్ పని చేస్తుంది, అంతే. బరువైన ఆటలో ఫ్యాన్ మోత వినిపిస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడేవాళ్లకి ఫర్వాలేదు, నాలాంటి వాడైతే చిన్న టవర్ కూలర్ వేసుకుంటాడు. స్టెల్త్‌ని బిగించే ముందు బోర్డ్ మీది రెండు ప్లాస్టిక్ పట్టీలు విప్పాలి. విప్పేటప్పుడు వెనకున్న ప్లేట్‌ని చేత్తో పట్టుకోండి, లేకపోతే ఊడి కింద పడుతుంది. నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలల వరసలో కొద్దికొద్దిగా తిప్పుతూ బిగించాలి.

పవర్ సప్లై దగ్గర జనం వాట్లకి ఆశపడతారు. ఈ ప్రాసెసర్ గట్టిగా లాగినా 90 వాట్ల లోపే, కార్డ్ 132. మంచి 550 వాట్లది ధారాళంగా సరిపోతుంది. ఊరూపేరూ లేని 700 వాట్లది వద్దు. దాని మీద 80 ప్లస్ స్టిక్కర్ ఉన్నా అది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పేదే, లోపలి రక్షణ గురించి కాదు. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డ్‌కే పెట్టండి. 5600లో గ్రాఫిక్స్ లేవు కనుక బోర్డ్‌కున్న హెచ్‌డీఎంఐలో పెడితే ఏమీ కనిపించదు.

దీనికి నేను చెప్పే పెద్ద లోటు ఒకటే: ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్ దారి ఇక్కడితో ముగిసినట్టే. తర్వాత ఎక్కువ ఫ్రేములు కావాలంటే 96 ఎంబీ ఎల్3 ఉన్న 5700ఎక్స్‌3డీ లాంటిది దొరికితే పెట్టుకోవాలి, ఆపైన బోర్డ్, ర్యామ్ రెండూ మార్చాల్సిందే. తర్వాతి సాకెట్ ఏఎం5కి డీడీఆర్5 తప్పనిసరి. బడ్జెట్ అంత సాగితే నేరుగా అటే వెళ్లండి, నేను ఆపను.

ఇంట్లో ఇప్పటికే పాత రైజెన్‌తో బీ450 పీసీ ఉన్నవాళ్లకైతే ఇంకా లాభం, ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. పాతది తీయకముందే బయోస్ అప్‌డేట్ చేయండి. కూలర్ విప్పే ముందు కాసేపు ఏదైనా ఆట నడిపి, పీసీ ఆపేసి, వెచ్చగా ఉండగానే కూలర్‌ని అటూఇటూ మెల్లగా తిప్పి అప్పుడు ఎత్తండి. ఒక్కసారిగా పైకి లాగితే మధ్యలో వేడి దాటించడానికి రాసే పేస్ట్‌కి అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొస్తుంది, కింద పిన్నులు వంకరపోతాయి.