జాంగోలో పనిలేని సబ్‌క్లాస్‌లను తీసివేశాక: ఏడేళ్ల వాడకం తరువాత సమీక్ష

కర్నూలు ఉల్లి మార్కెట్‌లోని కొందరు కమీషన్ వ్యాపారుల కోసం లాట్లు, ధరలు, చెల్లింపుల లెక్కలు చూసే ఒక చిన్న వెబ్ అప్లికేషన్‌ను ఏడేళ్లుగా జాంగో (పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) మీద నడుపుతున్నాను. మొన్నటి వేసవిలో దానిలోని పనిలేని సబ్‌క్లాస్‌లను, అంటే మరో క్లాస్ నుంచి పుట్టి కొత్తగా ఏమీ చేయని క్లాస్‌లను, ఏరివేశాను. ఆ పనిలో పేజీలను తయారుచేసి పంపే జాంగో వ్యూలు నాకు ఎంతో సహకరించాయి, డేటాబేస్ టేబుళ్లకు రూపమిచ్చే మోడల్‌లు మాత్రం చెమటలు పట్టించాయి.

తరచూ అవసరమయ్యే పేజీల కోసం సిద్ధంగా ఉండే క్లాస్ ఆధారిత జెనరిక్ వ్యూలు 2011లో జాంగో 1.3 వెర్షన్‌తో వచ్చాయి. వాటిలో జాబితాలు చూపే లిస్ట్‌వ్యూకు మోడల్ పేరు ఒక్కటి చెబితే చాలు, రికార్డులను అదే తెస్తుంది, టెంప్లేట్ (పేజీ నమూనా ఫైలు) పేరును కూడా అదే కూర్చుకుంటుంది. అయినా మేము ప్రతి పేజీకీ ఒక సబ్‌క్లాస్ పెట్టి, అందులో క్వెరీసెట్ (డేటాబేస్‌లోని రికార్డుల సమూహం) తెచ్చే మెథడ్‌ను మళ్లీ రాసి, లోపల సూపర్‌ను, అంటే మాతృ క్లాస్‌లోని అదే మెథడ్‌ను, పిలిచి, వచ్చినదాన్ని వచ్చినట్టే తిరిగి ఇచ్చేవాళ్లం. ఆ మెథడ్ లేకపోయినా జరిగేది అదే. పైలింట్ అనే కోడ్ తనిఖీ సాధనం ఇలాంటి వాటిని పట్టిస్తుంది కాబట్టి వెతుకులాట తప్పింది. ఒక టెంప్లేట్‌ను చూపడం తప్ప వేరే పని లేని పేజీలకు క్లాసే అక్కరలేదు, యూఆర్‌ఎల్ ఫైలులోనే టెంప్లేట్‌వ్యూకు ఆ పేరు అందిస్తే సరిపోతుంది.

ఒకచోట తప్పు చేశాను. తేదీ అందించే మెథడ్‌ను తీసేసి, ఆ విలువను టెంప్లేట్‌కు అదనపు విలువలు అందించే ఎక్స్‌ట్రా కాంటెక్స్ట్‌లో పెట్టాను. క్లాస్‌లో అలా రాసినది సర్వర్ మొదలైనప్పుడు ఒక్కసారే లెక్కకు వస్తుంది. మర్నాడు ధరల పట్టిక మీద నిన్నటి తేదీయే ఉందని ఒక గుమాస్తా ఫోన్ చేసేదాకా నాకు తట్టలేదు. మెథడ్‌ను తిరిగి పెట్టాను.

ఒక్క మెథడ్ కూడా లేని క్లాసులన్నీ దండగ కావు. లాగిన్ తప్పనిసరి చేసే లాగిన్ రిక్వయిర్డ్ మిక్సిన్‌ను (వేరే క్లాస్‌కు ఒక గుణాన్ని జోడించే చిన్న క్లాస్) ఎడమవైపున, లిస్ట్‌వ్యూను దాని తరువాత పెట్టిన క్లాస్‌లో, ఆ వరుసే లాగిన్ కాని వారిని ఆపుతుంది. వాటిని ముట్టుకోలేదు.

మోడల్‌ల సంగతి వేరు. లాట్ మోడల్ నుంచి ఎర్ర ఉల్లి లాట్ అనే సబ్‌క్లాస్‌ను మేము లోపల ఏమీ లేకుండా రాసుకున్నాం. చూపుకు ఖాళీగా ఉన్నా, జాంగో దానికి వేరే టేబుల్ సృష్టించి, మాతృ టేబుల్‌తో వన్ టు వన్ బంధం కలిపింది, దానితో ప్రతిసారీ రెండు టేబుళ్లను జోడించి చదవవలసి వచ్చింది. కొత్త ఫీల్డ్ లేనప్పుడు వేరే టేబుల్ లేకుండా మాతృ టేబుల్‌నే వాడుకునే ప్రాక్సీ మోడల్ సరిపోయేదని అప్పట్లో మాకు తెలియదు. ఆ సబ్‌క్లాస్‌ను తీయాలంటే, దాని వైపు చూపే ఫారిన్ కీలను (ఇతర టేబుళ్ల నుంచి ఉన్న లింకులను) ముందుగా మాతృ మోడల్‌కు మార్చి, ఆ తరువాతే దాని టేబుల్‌ను తొలగించాలి. బ్యాకప్ తీసుకుని, ఆ మైగ్రేషన్‌లను (డేటాబేస్‌ను మార్చే ఫైళ్లను) మార్కెట్ సెలవు రోజున నడిపాను.