పాత యుద్ధపు షూటర్లు: మళ్లీ ఆడదగినది ఏది?

రెండో ప్రపంచ యుద్ధం నేపథ్యంగా షూటర్ గేములు (తుపాకీతో కాల్చుతూ సాగే వీడియో గేములు) వెల్లువెత్తిన 2000 దశకంలో, విమర్శకుల చేత చీవాట్లు తిని మరుగున పడిపోయినవి చాలానే ఉన్నాయి. వాటిలో మూడింటిని, అంటే 2003 నాటి 'మెడల్ ఆఫ్ ఆనర్: రైజింగ్ సన్', 2007 నాటి 'అవర్ ఆఫ్ విక్టరీ', 2008 నాటి 'టర్నింగ్ పాయింట్: ఫాల్ ఆఫ్ లిబర్టీ'లను ఇటీవల మళ్లీ ఆడి చూశాను. అప్పటి తిట్లలో అన్యాయమైనవి తక్కువే గాని, ఈ మూడూ ఒకే గాటన కట్టదగినవి మాత్రం కావు.

ముందుగా 'రైజింగ్ సన్' సంగతి. 1941 డిసెంబర్ 7 ఉదయం, పెర్ల్ హార్బర్‌లో లంగరు వేసి ఉన్న 'కాలిఫోర్నియా' యుద్ధనౌక అడుగు అంతస్తులో కథానాయకుడు జోసెఫ్ గ్రిఫిన్ నిద్ర లేస్తాడు. ఓడ కంపిస్తుంది, నడవలు పొగతోనూ మంటలతోనూ నిండిపోతాయి, ఎటు పోవాలో తోచక నావికులు అరుచుకుంటూ పరుగెడుతుంటారు. ఆ ఇరుకులోంచి డెక్ మీదికి చేరి ఆకాశం నిండా దాడికి వచ్చిన జపాన్ విమానాలను చూసే క్షణం నేటికీ గుండె దడ పెంచుతుంది. క్రిస్టఫర్ లెన్నర్ట్జ్ సంగీతం దానికి తోడై నిలుస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతుంది. కథ అడవుల్లోకి మారాక, అడవి అనేది పేరుకే గాని, రెండు పక్కలా కనిపించని గోడలున్న సన్నని దారి తప్ప అక్కడ మరేమీ ఉండదు. పక్కనే తూటాలు పడుతున్నా కొందరు శత్రు సైనికులు నిలుచున్న చోటి నుంచి కదలరు. మరికొందరు మన తుపాకీకి ఎదురుగా నేరుగా పరుగెత్తుకొస్తారు. 'రైజింగ్ సన్'కు సుమారు రెండు వారాల ముందే కంప్యూటర్లలో తొలి 'కాల్ ఆఫ్ డ్యూటీ' విడుదలై, తోటి సైనికులతో కలిసి పోరాడుతున్న అనుభూతి ఎలా ఉంటుందో చూపించింది. దాన్ని తయారుచేసిన ఇన్ఫినిటీ వార్డ్ సంస్థను స్థాపించిన వాళ్లు అంతకు ముందు ఏడాది ఇదే 'మెడల్ ఆఫ్ ఆనర్' వరుసలో 'అలైడ్ అసాల్ట్'ను రూపొందించిన వాళ్లే కావడంతో, ఆ పోలిక మరింత పదునెక్కింది. పైగా, శత్రువుల చేతికి చిక్కిన గ్రిఫిన్ తమ్ముడు డానీ ఏమయ్యాడో చెప్పకుండానే కథ ఆగిపోతుంది; దాన్ని ముగించే తరువాయి భాగం రానే లేదు.

'టర్నింగ్ పాయింట్' ఊహ మాత్రం మూడింటిలోకీ గొప్పది. తర్వాత యుద్ధకాలంలో బ్రిటన్ ప్రధాని అయిన విన్‌స్టన్ చర్చిల్‌ను 1931లో న్యూయార్క్‌లో కారు గుద్దిన మాట నిజం. ఆ ప్రమాదంలో ఆయన మరణించి ఉంటే చరిత్ర ఎటు తిరిగేదన్న ప్రశ్నతో ఈ కథ మొదలై, 1953లో నాజీ సైన్యం న్యూయార్క్ మీద దండెత్తడం వరకు వస్తుంది. మనం ఆడే డాన్ కార్సన్ సైనికుడు కాదు, ఆకాశహర్మ్యం కట్టే కూలీ. పూర్తికాని భవనం ఇనుప దూలాలను పట్టుకుని వేలాడుతూ, తలపైన భారీ ఎయిర్‌షిప్‌లు కదులుతుండగా ప్రాణభయంతో కిందికి దిగే ఆ తొలి ఘట్టంలో భయం ఉంది, ఎత్తు ఉంది, కొత్తదనం ఉంది. కానీ నేల మీదికి దిగిన కాసేపటికే అతను కూలీ అన్న సంగతిని గేమే మరచిపోతుంది. ఆరితేరిన కమాండోలా వాషింగ్టన్ వెళ్లి వైట్‌హౌస్‌లో కాల్పులు జరుపుతుంటే, ఇతనికి ఈ విద్య ఎక్కడ అబ్బిందని అడగాలనిపిస్తుంది. శత్రువును ఒడిసిపట్టి డాలుగా వాడుకునే సౌకర్యం సరదాగానే ఉంటుంది గాని, తుపాకీ గురి మాత్రం బురదలో కదిలినట్టు మొరాయిస్తుంది. కాల్చడమే పనిగా సాగే గేమ్‌లో అది క్షమించరాని లోపం.

'అవర్ ఆఫ్ విక్టరీ' గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. ముగ్గురు వీరులలో ఒకరిని ఎంచుకుని, వారి వారి నైపుణ్యాలను బట్టి వేర్వేరు దారుల్లో సాగవచ్చని ఆశ పెడుతుంది. తీరా చూస్తే ఆ దారులన్నీ నాలుగు అడుగులకే ఒకే గదిలో కలుస్తాయి. పేరుమోసిన షూటర్ 'గేర్స్ ఆఫ్ వార్' వాడిన అన్‌రియల్ ఇంజిన్ 3 అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌నే ఇదీ, 'టర్నింగ్ పాయింట్' కూడా వాడుకున్నాయి. గోడల మీద మెరుపు వచ్చింది గాని తుపాకీకి బరువు రాలేదు.

కాబట్టి కొనదలచిన వారికి నా సలహా ఇది. 'అవర్ ఆఫ్ విక్టరీ'ని వదిలేయండి. 'టర్నింగ్ పాయింట్' చవకగా దొరికితే తొలి ఘట్టం కోసం తీసుకోండి, విసుగు పుట్టిన చోట మొహమాటం లేకుండా ఆపేయండి. 'రైజింగ్ సన్'ను మాత్రం ఒంటరిగా కాకుండా మరొకరిని పక్కన కూర్చోబెట్టుకుని స్ప్లిట్ స్క్రీన్‌లో, అంటే ఒకే తెరను ఇద్దరికీ చెరి సగంగా పంచుకుని ఆడండి; శత్రువుల తెలివితక్కువతనం అప్పుడు లోపంలా కాక నవ్వుకునే సరుకులా మారుతుంది. డిస్క్‌తో పాటు పనిచేసే ప్లేస్టేషన్ 2 గాని, పాత ఎక్స్‌బాక్స్ గాని, గేమ్‌క్యూబ్ గాని కావాలి. కొత్త టీవీకి కలిపితే బటన్ నొక్కాక తెర మీద కదలిక కాస్త ఆలస్యంగా కనిపిస్తుంది కనుక, అసలే మందంగా ఉన్న గురి మరీ మందగించకుండా ఆ ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్‌ను టీవీలో ముందే ఆన్ చేసుకోండి.