సాల్వడోర్‌లో డోలు నేర్చుకోవాలంటే చౌరస్తాలో డబ్బు కట్టకండి

బ్రెజిల్‌లోని సాల్వడోర్‌లో డోలు పాఠానికి మనిషికి 220 రియాల్‌లు (అక్కడి డబ్బు). రియాల్ 16 రూపాయల లెక్కన మూడున్నర వేలు పైచిలుకు. గంట పాఠం అన్నారు. చేతులకు తెల్లరంగు గీతలు పెట్టడం, ఫోటోలు, మైకేల్ జాక్సన్ వచ్చి వెళ్ళిన కథ పోగా చేతిలో కర్ర ఆడింది పాతిక నిమిషాలు. ఆ రంగుకు మళ్ళీ వేరే 30 అడిగారు. పెలొరీన్యోలో, అంటే సాల్వడోర్ పాత ఊళ్ళో, గుమ్మాల దగ్గర నిలబడి "డ్రమ్ క్లాస్, డ్రమ్ క్లాస్" అని పిలిచేవాళ్ళలో ఒకరి దగ్గర జరిగిన ముచ్చట ఇది.

డబ్బు సంగతి అలా ఉంచండి, అసలు మోసం పాఠంలోనే ఉంది. పన్నెండు మందికీ ఒకే సైజు డోలు, ఒకే దరువు. సాంబా-రెగే అనే ఇక్కడి డోళ్ళ సంగీతం అలా పుట్టదు. 1979లో ఇదే పేటలో మొదలైన ఒలొడుమ్ డోళ్ళ బృందంలో, 1980ల మధ్యలో, నెగీన్యో దో సాంబా అనే గురువు దీన్ని రూపుదిద్దాడు. ఒక్కో వరస ఒక్కో దరువు వాయిస్తే, అన్నీ కలిసిన చోటే ఆ సంగీతం వినిపిస్తుంది. అందరిచేతా ఒకటే కొట్టిస్తే మిగిలేది చప్పుడు.

మర్నాడు లాడ్జి ఆవిడ చెప్పిన బస్తీ బృందం దగ్గరికి వెళ్ళాం. స్కూలు వెనక సిమెంటు గచ్చు, పిల్లలూ పెద్దలూ కలిపి ముప్ఫై మంది, రెండు గంటల సాధన. బయటివాళ్ళకు 40 రియాల్‌లు, అదీ డోళ్ళ తోళ్ళు మార్చే ఖర్చుకు. రసీదు రాసిచ్చారు కూడా.

అక్కడ వరసలు ఇలా ఉంటాయి. వెనక ఫుండో అనే పెద్ద సుర్డోలు (సుర్డో అంటే మంద్రంగా మోగే డోలు), 22 నుంచి 24 అంగుళాలవి, రెండు శ్రుతుల్లో. ఒకటి అడుగుతుంది, రెండోది బదులిస్తుంది. అంతే వాటి పని, కానీ బండి నడిచేది వాటి మీదే. వాటి ముందు దోబ్రా, కాస్త చిన్న సుర్డో, రెండు చేతులా మెత్తటి ముద్ద కట్టిన కర్రలతో వాయించేది. గాల్లో కర్రలు తిప్పుతూ ఆడేవాళ్ళు సాధారణంగా ఈ వరసలోనే ఉంటారు. ముందు కైషాలు (తీగలు తగిలి గలగలమనే పలచటి డోళ్ళు), రెపీకిలు (కీచుగా మోగే చిన్న డోళ్ళు). రియోలో రెపీకిని ఒక చెయ్యి, ఒక కర్రతో వాయిస్తారు. సాల్వడోర్‌లో రెండు సన్నటి ప్లాస్టిక్ పుల్లలతో. యూట్యూబ్‌లో రియో పాఠాలు చూసి వెళ్తే చెయ్యి అలవాటు మార్చుకోవడానికే ఓ రోజు పడుతుంది.

కొత్తవాళ్ళకు ఫుండో ఇచ్చి, తేలికైనది ఇచ్చారని అనుకోనిస్తారు. తేలిక కాదు. రెండు దెబ్బల మధ్య ఖాళీని ఆగలేక తొందరపడతాం. మెస్త్రి, అంటే బృందం గురువు, చెయ్యి కిందికి నొక్కుతున్నట్టు సైగ చేస్తే వేగం తగ్గించమని. డోలు మరీ కిందికి వేలాడితే అంచు మోకాలికి తగులుతూనే ఉంటుంది. మరీ పైకి కడితే మోచేయి లేచి ఇరవై నిమిషాల్లో భుజం పట్టేస్తుంది. తోలు నడుము ఎత్తులో ఉండేలా పట్టీ సవరించుకోవాలి. మన డప్పులా మంట దగ్గర కాచే పని లేదు. ఇవి ప్లాస్టిక్ తోళ్ళు, చుట్టూ రాడ్లు బిగిస్తే చాలు. రాడ్లు ఎదురెదురుగా బిగించాలి, వరసగా బిగిస్తే ఒక పక్క లాగేసి నాదం పగులుతుంది.

కైషా మీద వినిపించే ఒత్తుల వరస మనవాళ్ళకు సులువుగా చెప్పొచ్చు. పదహారు మాత్రలు, 3-3-4-3-3. తకిట తకిట తకధిమి తకిట తకిట. ఆదితాళంలో ఒక్క లఘువు నిడివి. సంగీతం నేర్చుకున్న మా వదిన దీన్ని నోటితో రెండు నిమిషాల్లో పట్టేసింది. చిక్కు కాళ్ళ దగ్గర వచ్చింది. పాదాలు మాత్రం నాలుగు సమాన దెబ్బల మీదే కదలాలి: కుడికి రెండడుగులు, ఎడమకు రెండు. చేతి ఒత్తులతో పాటు పాదం కూడా పడిపోతే నడక కుంటుతుంది. ఇంకో తప్పు, నడిమి తకధిమిని కూడా తకిటగా నొక్కేయడం. ఒక మాత్ర పోతుంది, మూడు ఆవృతాలు తిరిగేసరికి బృందం ఒక చోట, మీరొక చోట. అప్పుడు పోటీపడి వాయించొద్దు. ఆగి, ఫుండో విని, మళ్ళీ ఎత్తుకోవాలి. చెవుల్లో పెట్టుకునే ఫోమ్ బిళ్ళలు మందుల షాపులో 5 రియాల్‌లు. రెపీకి వరస ముందు నిలబడేవాళ్ళకు తప్పనిసరి.

బసకు పెలొరీన్యో నడిబొడ్డు వద్దు. మొదటి రెండు రాత్రులు అక్కడ 310 చొప్పున కట్టి తెల్లవారుజాము దాకా కింది బారు స్పీకరు విన్నాం. ఏసీ ఉంది, రిమోటు కౌంటర్లో ఉంది, కౌంటర్లో మనిషి లేడు. మా అన్నయ్య రెండు రోజులూ ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత పది, పన్నెండు నిమిషాల నడక దూరంలోని సాంటో ఆంటోనియో పేటకు మారాం. 240 రియాల్‌లు, పొద్దున పళ్ళు, కర్రపెండలం పిండి అట్లు, కాఫీ. రాత్రి నిశ్శబ్దం. అయితే ఆ దారంతా గుండ్రాళ్ళ ఎగుడుదిగుడు. హవాయి చెప్పులతో వాన రోజు నడవలేరు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వానలు ఎక్కువ.

మంగళవారం ఊళ్ళో ఉండేలా చూసుకోండి. నల్లజాతివారి సంఘం కట్టుకున్న రొజారియో దోస్ ప్రెతోస్ చర్చిలో సాయంత్రం 6 గంటల ప్రార్థన డోళ్ళతో సాగుతుంది. టికెట్ లేదు. ముందే వెళ్తే కూర్చోవచ్చు.

కార్నివాల్‌కు వెళ్ళేవాళ్ళు రెండు చూడాలి. శనివారం రాత్రి కురుజు పేట నుంచి ఇలే అయ్యే బయల్దేరడం: 1974లో పుట్టిన తొలి ఆఫ్రో (నల్లజాతివారి) కార్నివాల్ బృందం, బయల్దేరే ముందు పేలాలు చల్లి, పావురాలు వదులుతారు. అక్కడికి యాప్ కారులోనే వెళ్ళి రండి. రెండోది ఫిల్యోస్ డి గాంధీ (గాంధీ బిడ్డలు) బృందం. అవును, మన గాంధీయే. ఆయన హత్య జరిగిన మరుసటి ఏడాది, 1949లో, రేవు కూలీలు మొదలుపెట్టారు. తెల్లటి అంగీలు, తలకు తువ్వాలు చుట్టిన పాగాలు, నీలం-తెలుపు పూసలు, అందరూ మగవాళ్ళే. వాయించేది సాంబా-రెగే కాదు, ఇజెషా అనే దరువు. పెద్ద సుర్డోల బదులు అటబాకే అనే నిలువు డోళ్ళు, జంట గంటలు, పూసల సొరకాయ బుర్రలు. వేగం తక్కువ, ఎంతసేపైనా నడవొచ్చు.

తిండి విషయంలో శాకాహారులు జాగ్రత్త. అకరజే అంటే అచ్చం మన బొబ్బర్ల గారెలే, కాకపోతే దెండే అనే ఎర్రటి పామాయిల్‌లో వేయిస్తారు. గారెలో సాధారణంగా ఏమీ కలవదు గానీ నడుమ చీల్చి పెట్టే వటపా, కరురు అనే ముద్దకూరలు రెండిట్లోనూ ఎండురొయ్యలు నూరి వేస్తారు. పైన రొయ్యలు తీసేస్తే సరిపోతుందని అనుకోవద్దు. టమాటా-ఉల్లి ముక్కలు మాత్రమే పెట్టమనండి. మిరప ముద్ద అడిగి వేయించుకోండి, పరదేశీలని చూసి అద్దీ అద్దనట్టు అద్దుతారు. 15 రియాల్‌లు, ఒకటి తింటే పూట గడుస్తుంది.

చేతికి బోన్‌ఫిం చర్చి పేరిట మొక్కు రిబ్బను "ఊరికే" కట్టేవాళ్ళను నవ్వి దాటేయండి. ముడి పడ్డాక బేరం మొదలవుతుంది.

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. దోహా, దుబాయ్ లేదా అడిస్ అబాబా మీదుగా సావో పావ్లో, అక్కడి నుంచి సాల్వడోర్. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుని టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు రంగు కార్డు పాస్‌పోర్టుతోనే ఉంచండి. బ్రెజిల్లో ఎవరూ అడగకపోవచ్చు, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో అడుగుతారు. లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు.