క్లే పోకర్ చిప్స్: ఏళ్ళ తరబడి వాడినవాడి మాట

పోకర్ చిప్స్ (ఆ పేకాటలో డబ్బు బదులు పందెం వేసే బిళ్ళలు) కొనాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది "ఎన్ని గ్రాములవి?" అని. పెట్టెల మీద కూడా ఆ అంకే పెద్దగా కనబడుతుంది: 11.5, 13.5, 14. దాని కింద చిన్న అక్షరాల్లో "క్లే కాంపోజిట్" అని ఉంటుంది. నా దగ్గర ఒక క్లే సెట్ చాలా ఏళ్ళుగా ఉంది. మా ఆట ఎప్పుడూ ఒకరింట్లోనే జరగదు, వంతులవారీగా తిరుగుతుంది. అందుకని లోపల లోహం ఉన్న ప్లాస్టిక్ సెట్‌తోనూ, సిరామిక్ సెట్‌తోనూ కూడా దాదాపు అంతే కాలం ఆడాను. ఇంత వాడాక నాకు రూఢి అయిందేమిటంటే, చిప్ బాగుందో లేదో బరువు చెప్పదు. కాసినోల్లో తిరిగే అసలు క్లే చిప్ సుమారు 8.5 నుంచి 10 గ్రాములే తూగుతుంది. 11.5, ఆ పైన అంటే సాధారణంగా ప్లాస్టిక్ లోపల ఒక లోహపు బిళ్ళ పెట్టి బరువు పెంచారని అర్థం. అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి, చాలావాటికి అతుక్కుంటుంది.

ఆ బరువు చేతికి మొదట్లో బాగానే ఉంటుంది. కొత్త సెట్ తెరిచిన రోజు అందరూ "అబ్బ, భలే బరువుగా ఉన్నాయే" అంటారు. రెండు గంటలు ఆడాక ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. అప్పటినుంచి చేతికి తెలిసేది ఒకటే, చిప్స్ నిలబడుతున్నాయా, జారుతున్నాయా అని.

క్లే అనే మాటకి కూడా కొంచెం వివరం కావాలి. ఇప్పటి క్లే చిప్‌లో మట్టి మాత్రమే ఉండదు. మట్టి, ఇతర ఖనిజాల పొడులు, వాటిని పట్టి ఉంచే పదార్థం, రంగు అన్నీ కలిసిన మిశ్రమం అది. అమెరికాలో 19వ శతాబ్దం చివర్లో ఇలాంటి చిప్స్ మొదలయ్యాయి, అంతకుముందు ఎముకతో, దంతంతో, చెక్కతో చేసినవి వాడేవాళ్ళు. అసలు తేడా తయారీ పద్ధతిలో ఉంది. క్లే చిప్‌ని అచ్చులో పెట్టి బాగా వేడి చేసి, గట్టి ఒత్తిడితో నొక్కుతారు. అంచు మీద కనబడే వేరే రంగు పట్టీలు పైన పూసినవి కావు. బిళ్ళలో ఆ మేరకు ముక్క కోసేసి, అక్కడ వేరే రంగు ముక్క పెట్టి, రెండూ ఒకటయ్యేలా నొక్కుతారు. మధ్యలో బొమ్మ, అంకె ఉండే గుండ్రటి ఇన్‌లే కూడా అదే నొక్కుడులో చిప్‌లో కలిసిపోతుంది. చౌక రకాల్లో కరిగించిన ప్లాస్టిక్‌ని అచ్చులోకి పంపి బిళ్ళ చేసి, తరవాత మధ్యలో స్టిక్కర్ అతికిస్తారు.

ఈ తేడా కొన్న రోజున కనబడదు. మా వాళ్ళ ప్లాస్టిక్ సెట్‌లో స్టిక్కర్ల అంచులు కొన్నాళ్ళకి లేవడం మొదలైంది. ఒకసారి లేచిందంటే గోటితో గీకే అలవాటున్నవాళ్ళు బల్ల దగ్గర ఒక్కరైనా ఉంటారు, ఇక దాని పని అయిపోయినట్టే. నా క్లే సెట్‌లో ఇన్‌లేల మీద సన్నటి గీతలు పడ్డాయి, మెరుపు తగ్గింది, ఒక్కటి కూడా ఊడలేదు. ఊడే వీలు కూడా లేదు. పట్టీల రంగు లోపలి దాకా ఉంటుంది కాబట్టి అంచు అరిగినా అదే రంగు కనబడుతుంది.

ఇప్పుడు పట్టు సంగతి. మంచి క్లే చిప్ ముఖం మీద, అంచుకి దగ్గరగా, గళ్ళలాగానో చిన్న బొమ్మలలాగానో అచ్చు గుర్తులు ఉంటాయి. చూడ్డానికి అలంకారంలా ఉంటాయి గానీ ఒక చిప్ మీద ఇంకో చిప్ జారకుండా ఆపేది అవే. క్లేకి సహజంగా ఉండే గరుకు దానికి తోడు. ఇరవై చిప్స్ దొంతర పేర్చి బల్ల మీద ముందుకి తోస్తే కదలకుండా వెళ్తుంది. అదే పని నున్నటి ప్లాస్టిక్ చిప్స్‌తో చేస్తే సగం దారిలో పై నాలుగు జారి పాట్‌లో (బల్ల మధ్యన అందరి పందేలూ చేరే కుప్పలో) పడతాయి. ఎవరు ఎంత బెట్ వేశారో అని అక్కడే గొడవ. రెండు చిన్న దొంతరల్ని ఒక్క చేత్తో కలిపే అలవాటు (చిప్ షఫ్లింగ్) నేర్చుకోవడానికి కూడా క్లే చిప్సే తేలిక.

శబ్దం గురించి చాలామంది పెద్ద పెద్ద మాటలు చెబుతారు. నేను క్లుప్తంగా చెప్తాను. లోహం ఉన్నవి ఖణేల్‌మంటాయి, క్లే చిప్స్ పొడిగా, మెత్తగా టక్‌మంటాయి. ఇంట్లో పక్క గదిలో పిల్లలు నిద్రపోతుంటే రెండోదే మేలు.

సిరామిక్ చిప్స్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే క్లే సెట్ దొరకనివాళ్ళు ఎక్కువమంది అటే వెళ్తారు. పేరుకి సిరామిక్ గానీ అవి మట్టిపాత్రల లాంటివి కావు, ఒక రకం గట్టి రెసిన్. బరువు సుమారు 10 గ్రాములు. ముఖం మొత్తం మీద, అంచు మీద కూడా ఏ బొమ్మ కావాలంటే అది ముద్రించవచ్చు. రంగు పదార్థంలోకి ఇంకేలా ముద్రిస్తారు, కాబట్టి ఊడదు. సొంత డిజైన్ కావాలంటే వీటికి మించినవి లేవు. ముఖం బల్లపరుపుగా ఉండటం వల్ల దొంతర నిటారుగా నిలబడుతుంది. కానీ కొత్తలో బాగా జారతాయి, వాడగా వాడగా కొంచెం తగ్గుతుంది. చేతిలో పట్టుకున్నప్పుడు క్లే ఇచ్చే సుద్దముక్క లాంటి పొడి స్పర్శ వీటికి రాదు. లోహం ఉన్న ప్లాస్టిక్‌కీ సిరామిక్‌కీ మధ్య ఎంచుకోమంటే నేను మారుమాట లేకుండా సిరామిక్ అంటాను.

ఇక అసలు విషయం, ఎన్ని చిప్స్, ఏ విలువలవి. మంచి క్లే సెట్ కొని కూడా ఇక్కడ లెక్క తప్పితే ఆటలో సుఖం ఉండదు. రెడీమేడ్‌గా వచ్చే 500 చిప్స్ సెట్‌లో తరచుగా ఐదు రంగులు, రంగుకి వంద చొప్పున ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఆటకి పనికిరాదు. ఎనిమిది మంది కూర్చుంటే ఒక్కొక్కరికి పన్నెండు ఒకట్లు వస్తాయి. రెండు చుట్లు తిరగ్గానే "నాకు చిల్లర ఇవ్వండి" అని మొదలవుతుంది. ఇంకోపక్క ఐదువందలవి వంద చిప్స్ పెట్టెలో నిద్రపోతుంటాయి.

క్యాష్ గేమ్‌కి, అంటే చిప్ మీది అంకె అసలు డబ్బుతో సమానమయ్యే ఆటకి, నేను వాడే లెక్క ఇది. బ్లైండ్లు (కార్డులు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేయాల్సిన చిన్న, పెద్ద బెట్లు) 1, 2 అనుకుందాం. ఒక్కొక్కరు 200తో కూర్చుంటారు, అంటే వంద పెద్ద బ్లైండ్లు. ఇరవై ఒకట్లు, పదహారు ఐదులు, నాలుగు ఇరవైఐదులు ఇస్తే సరిగ్గా 200. మనిషికి నలభై చిప్స్, ముందు పెట్టుకుంటే రెండు నిండు దొంతరలు. ఎనిమిది మందికి ఒకట్లు 160 సరిపోతాయి. ఆట మొదలయ్యాక ఒకట్లు పెంచనక్కర్లేదు, అవి బల్ల మీదే తిరుగుతుంటాయి. మళ్ళీ డబ్బు పెట్టి కూర్చునేవాళ్ళకి ఐదులు, ఇరవైఐదులు, వందలు ఇస్తే చాలు. కాబట్టి 500 చిప్స్ సెట్‌ని 160 ఒకట్లు, 200 ఐదులు, 100 ఇరవైఐదులు, 40 వందలుగా విడగొడితే మొత్తం విలువ 7,660 అవుతుంది. ముప్ఫైఎనిమిది సార్లు 200 ఇవ్వగల విలువ అది. ఇంటి ఆటలో అంతకు మించి ఎందుకు?

టోర్నమెంట్ వేరే లోకం. అక్కడ అందరూ సమానమైన చిప్స్‌తో మొదలుపెడతారు, అవి అయిపోయినవాళ్ళు తప్పుకుంటారు, బ్లైండ్లు పెరుగుతూ పోతాయి. 10,000తో మొదలుపెడితే మనిషికి పన్నెండు 25లు, పన్నెండు 100లు, ఐదు 500లు, ఆరు 1,000లు అనే పంపకం బాగా వాడుకలో ఉంది. నాకూ అదే నచ్చింది. మనిషికి ముప్ఫైఐదు చిప్స్, పది మందికి 350. బ్లైండ్లు పెరిగాక 25ల్లాంటి చిన్నవాటితో పని ఉండదు, వాటిని బల్ల మీంచి తీసేయాలి కదా. పది మంది దగ్గరున్న 25ల మొత్తం విలువ 3,000, అంటే వాటి బదులు మూడే మూడు వెయ్యి చిప్స్ పెడితే సరి. 100లు తీసేసేటప్పుడు ఇంకో పన్నెండు కావాలి. ఈ పదిహేనూ ముందే పక్కన పెట్టుకోకపోతే రాత్రి పదకొండింటికి కాగితం మీద అప్పులు రాసుకోవాల్సి వస్తుంది.

ఒకే సెట్‌తో రెండూ ఆడాలని చిప్స్ మీద అంకెలు లేకుండా కొనేవాళ్ళున్నారు. ఈ రంగుకి ఇవాళ ఇంత, రేపు అంత అని చెప్పుకోవచ్చన్నది వాళ్ళ వాదన. వినడానికి బాగుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఇద్దరు కూర్చున్నారంటే ప్రతి బెట్‌కీ "నల్లది ఎంత?" అన్న ప్రశ్న తప్పదు. నా ఓటు అంకె ఉన్న చిప్స్‌కే. రంగులు కూడా అమెరికన్ కాసినోల వాడుకకి దగ్గరగా ఉంటే మంచిది: ఒకటికి తెలుపు, ఐదుకి ఎరుపు, ఇరవైఐదుకి ఆకుపచ్చ, వందకి నలుపు, ఐదువందలకి ఊదా. అందరికీ అదే అలవాటు. కొనేముందు రంగుల్ని పసుపు బల్బు వెలుతురులో చూడండి. ఫోటోలో ఇట్టే తేడా తెలిసే నలుపు, ముదురు ఊదా రాత్రి బల్ల మీద కవలపిల్లల్లా ఉంటాయి. అంచు పట్టీలు ఇక్కడే ఆదుకుంటాయి. వేరే విలువ చిప్ ఒకటి పొరపాటున దొంతర మధ్యలో దూరితే పక్కనుంచి చూడగానే పట్టీల వరస తప్పినట్టు తెలిసిపోతుంది. కాసినోల్లో అవి ఉన్నది కూడా అందుకే.

క్లే చిప్స్‌లో లోపాలు లేవా అంటే, ఉన్నాయి. కొత్తవి తెల్లటి పొడి రాల్చుతాయి, నల్లటి బట్టలకి అంటుకుంటుంది. రంగు కూడా వెలిసినట్టు కనబడుతుంది. మినరల్ ఆయిల్ చుక్క గుడ్డ మీద వేసి పల్చగా రాసి, ఒక రోజు ఆరనిచ్చి తుడిస్తే రంగు తేటపడుతుంది. ఐదువందల చిప్స్‌కి ఈ పని చేయడమంటే ఓపిక ఉండాలి. నేను ఎరుపువీ నలుపువీ మాత్రమే చేసి ఊరుకున్నాను, తెల్లవాటికి చేసినా పెద్ద తేడా కనబడదు. గట్టి నేల మీద పడితే అంచులో చిన్న పెచ్చు లేస్తుంది, ప్లాస్టిక్‌కి ఆ బాధ లేదు. మురికిని కూడా క్లే తొందరగా పట్టుకుంటుంది. చిరుతిండి తిన్న జిడ్డు చేతులతో ముట్టుకునేవాళ్ళ ముందు తెల్లచిప్స్ మూడు నాలుగు ఆటలకే బూడిదరంగుకి తిరుగుతాయి. బల్ల పక్కన తడి గుడ్డ ఒకటి పెట్టడం మొదలుపెట్టాక నాకు కడిగే పని చాలా తగ్గింది.

కడగాల్సి వస్తే గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల సబ్బు, మెత్తటి టూత్‌బ్రష్ చాలు. ఒక్కొక్కటీ రుద్ది, వెంటనే తుడిచి, గుడ్డ మీద పరిచి ఆరబెట్టాలి. గంటల తరబడి నానబెట్టకూడదు, డిష్‌వాషర్‌లో అసలే వేయకూడదు. వేడికీ తడికీ కొన్ని చిప్స్ వంగుతాయి. వంగిన చిప్‌ని బల్ల మీద పెట్టి తిప్పితే బొంగరంలా తిరుగుతుంది, దాన్ని దొంతరలో పెడితే పైవన్నీ ఊగుతాయి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే. ఎండ తగిలే కిటికీ దగ్గర, కారులో కూడా వదలొద్దు.

దాచడానికి అల్యూమినియం సూట్‌కేసులు నాకు నచ్చవు. లోహం ఉన్నవి ఐదువందలు అంటే దాదాపు ఆరు కిలోలు, పిడి దగ్గర బందులు వదులవుతాయి. వంద చిప్స్ పట్టే పారదర్శకమైన అక్రిలిక్ ర్యాకులు మేలు, ఇరవై చొప్పున ఐదు వరసలు. ఆట అయ్యాక ర్యాకుల్లో సర్దితే ఏ వరసలో ఖాళీ ఉందో చూడగానే తెలుస్తుంది, సోఫా సందుల్లో వెతుక్కోవచ్చు. ఈ ర్యాకులు మామూలుగా 39 మిల్లీమీటర్ల చిప్స్‌కి సరిపోయేలా చేస్తారు, కాబట్టి ఆ కొలతకే కొనండి.

ఎక్కడ దొరుకుతాయి అనేది కష్టమైన ప్రశ్న. కాసినో క్లే చిప్స్‌లో పేరున్న పాల్సన్ కంపెనీని పాల్ ఎండీ 1963లో లాస్ వెగాస్‌లో మొదలుపెట్టాడు. 2002లో అది మరో రెండు కంపెనీలతో కలిసి గేమింగ్ పార్ట్‌నర్స్ ఇంటర్నేషనల్ అయింది, 2019లో జపాన్‌కి చెందిన ఏంజెల్ అనే కంపెనీ చేతికి వెళ్ళింది. వాళ్ళు ఇప్పుడు చిప్స్ అమ్మేది కాసినోలకే. ఇళ్ళకోసం గతంలో అమ్మిన సెట్లు సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతుంటాయి, అంచుకి దగ్గరగా టోపీ, చేతికర్ర అచ్చు గుర్తులుంటే పాల్సన్ తయారీ అని పోల్చుకోవచ్చు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో క్లాసిక్ పోకర్ చిప్స్ అనే సంస్థ ఇళ్ళకోసం కూడా ఆర్డర్ మీద క్లే చిప్స్ చేస్తుంది. ఆర్డర్ మీద చేయించుకుంటే అచ్చు, రంగులు, పట్టీలు మనమే ఎంచుకోవచ్చు గానీ ఖర్చూ ఎక్కువే, ఎదురుచూపూ ఎక్కువే.

ఏది కొన్నా ముందు శాంపిళ్ళు తెప్పించుకోండి. ఒక్క చిప్‌తో ఏమీ తెలియదు, కనీసం ఐదారు ఒకే రకానివి ఉంటేనే పేర్చి, తోసి, జారుడు చూడగలరు. కొనేటప్పుడే ప్రతి రంగులో ఓ పది అదనంగా తీసుకోండి, ఒకట్లలో ఇరవై. క్లే మిశ్రమం ఒక్కో విడతలో ఒక్కో ఛాయలో వస్తుంటుంది. తరవాత ఎప్పుడో అదే ఎరుపు అడిగి తెప్పించుకున్నా పాతవాటి పక్కన పెడితే తేడా తెలుస్తుంది. వాడి వాడి మెత్తబడ్డ అంచుల మధ్య కొత్త చిప్ పదును అంచుతో వేలికి విడిగా తగులుతుంది కూడా.