క్లౌడ్‌లో ఆడాలా, సొంత కార్డుతోనా? ఏది మేలు?

"అన్నా, అంత డబ్బు పోసి గ్రాఫిక్స్ కార్డు ఎందుకు, నెలనెలా ఇంత కట్టి క్లౌడ్‌లో ఆడుకుంటే పోలేదా?" ఈ నెలలో నలుగురు ఇదే అడిగారు. నలుగురిదీ అనంతపురమే కాబట్టి అనంతపురం లెక్కలోనే చెబుతా.

క్లౌడ్ అంటే గేమ్ ఎక్కడో దూరంగా ఉన్న సర్వర్‌లో నడుస్తుంది, బొమ్మ నెట్‌లో మన తెరకు వస్తుంది. సొంత కార్డయితే ఆ బొమ్మను మన కంప్యూటరే గీస్తుంది. అందుకే క్లౌడ్ అనగానే అందరూ దూరానికి భయపడతారు. ఫైబర్‌లో కాంతి ఒక్క మిల్లీసెకనులో 200 కిలోమీటర్లు పోతుంది. మనకు బెంగళూరు ఇంచుమించు అంతే. కాబట్టి దూరం అసలు శత్రువు కాదు, నిలకడ లేకపోవడమే శత్రువు. మొన్న మా బావమరిది ఇంట్లో క్లౌడ్‌లో క్రికెట్ ఆడా. పింగ్, అంటే మన సిగ్నల్ సర్వర్‌కు వెళ్లి తిరిగొచ్చే సమయం, ఎప్పుడూ 60 మిల్లీసెకన్లు చూపిస్తే రెండు ఓవర్లలో బొటనవేలు సర్దుకుంటుంది, బటన్ కాస్త ముందే నొక్కుతాం. కానీ అది 25, 25, 110, 30 అని గెంతుతుంటే వేలు దేనికి సర్దుకోవాలి? పక్కగదిలో మా అక్క అదే నెట్ మీద సీరియల్ పెట్టింది, పింగ్ గెంతింది, ఇక్కడ బంతి కీపర్ చేతిలో పడ్డాక బ్యాట్ ఊగింది.

దీనికి మందు కనిపెట్టాలని కంపెనీలు ఎప్పటినుంచో చూస్తున్నాయి. 2014లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ 'డెలోరియన్' అని ఒకటి చూపించింది. మనం ఏం నొక్కుతామో సర్వర్ ముందే ఊహించి, ఆ ఫ్రేములు, అంటే తెర మీద వరసగా వచ్చే బొమ్మలు, గీసి పంపేస్తుంది. 250 మిల్లీసెకన్ల ఆలస్యం దాకా కప్పేస్తామన్నారు. ఉపాయం బాగుంది, కానీ ఊహలన్నీ పంపాలంటే డేటా ఎక్కువ కావాలి. ఇరుకు సందులోకి ఇంకో లారీని తోలినట్టే. క్లౌడ్ గేమింగ్‌కు దారి తీసిన ఆన్‌లైవ్ 2015లో మూతపడితే సోనీ దాని పేటెంట్లను కొనుక్కుంది. సర్వీసు పోయినా ఉపాయాలకు ధర పోలేదు.

ఏవీ1 కోడెక్, అంటే వీడియోను కుదించి పంపే పద్ధతి, దాని సంగతీ అడిగారు. రాయల్టీ లేదు, డేటా తగ్గుతుంది, మంచిదే. పింగ్ గెంతులకు మాత్రం మందు కాదు.

సొంత కార్డులో రెండు రకాల ఉపాయాలున్నాయి, రెండూ ఒకటే అనుకోవద్దు. ఫ్రేమ్ జనరేషన్ రెండు అసలు ఫ్రేముల మధ్య ఒక కల్పిత ఫ్రేమును పెడుతుంది. అందుకోసం రెండో ఫ్రేమును కాసేపు ఆపాల్సిందే. అసలు వేగం సెకనుకు 30 ఫ్రేములు ఉంటే ఒక ఫ్రేము అంటే 33 మిల్లీసెకన్లు. తెర మీద 60 అని మురిసిపోతాం, చేతికి మాత్రం 30 కన్నా బరువుగా ఉంటుంది. రెండోది, కార్డుల కంపెనీ ఎన్విడియా ఇచ్చే రిఫ్లెక్స్, దీనికి పూర్తిగా రివర్స్: కొత్త ఫ్రేములు పుట్టించదు, కార్డు ముందు ఫ్రేములు క్యూ కట్టకుండా చూస్తుంది, అంతే. యాడ్స్‌లో చూపించడానికి ఏమీ ఉండదు గానీ, ఆడేవాడి చేతికి తెలుస్తుంది.

నేనైతే సెకండ్‌హ్యాండ్ కార్డు కొన్నా. రిఫ్లెక్స్ ఎప్పుడూ ఆన్‌లోనే, ఫ్రేమ్ జనరేషన్ అసలు వేగం 60 దాటితేనే. ఆ నలుగురిలో ముగ్గురికీ ఇదే చెప్పా. నాలుగోవాడు చదరంగం, కార్డులాటలు తప్ప ఇంకోటి ముట్టడు. వాడికి క్లౌడే చాలు, ఆ మాటకొస్తే వాడి పాత ఫోనైనా చాలు.