చీటీ వేసి విభజించడమా, ఉన్నవారిని గమనించడమా: ఏది మేలు?

ఒక మందు గానీ టీకా గానీ నిజంగా పని చేస్తుందో లేదో తేల్చడానికి రెండు దారులున్నాయి. పాల్గొనేవారిని చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా రెండు బృందాలుగా విడగొట్టి, ఒక బృందానికి మందునూ, మరొకదానికి అచ్చం మందులాగే కనిపించినా మందు లేని ప్లాసిబోనూ ఇవ్వడం మొదటి దారి. చీటీ ప్రసక్తి లేకుండా, మందు తీసుకున్నవారిని తీసుకోనివారితో పోల్చి చూడడం రెండోది. మొదటిదాని ఫలితం గట్టిదనీ, రెండోది నైతికంగా నిరపాయకరమనీ చాలామంది అనుకుంటారు. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండో మాటను మాత్రం అంగీకరించలేను.

ఈ రెండు దారులనూ ఒకే టీకా మీద, ఒకే ఏడాది నడిపిన సందర్భం ఒకటుంది. 1954లో అమెరికాలో జోనాస్ సాల్క్ తయారుచేసిన పోలియో టీకాను పరీక్షించినప్పుడు, కొన్ని ప్రాంతాల్లో తల్లిదండ్రులు సమ్మతించిన పిల్లలను యాదృచ్ఛికంగా విభజించి, సుమారు 2 లక్షల మందికి టీకా, దాదాపు అంతేమందికి ప్లాసిబో ఇచ్చారు. లక్షకు పోలియో కేసులు టీకా బృందంలో 28, ప్లాసిబో బృందంలో 71. మిగిలిన ప్రాంతాల్లో సమ్మతి ఉన్న రెండో తరగతి పిల్లలకు టీకా వేసి, ఒకటి, మూడు తరగతుల పిల్లలందరితోనూ పోల్చారు. అక్కడ తేలిన సంఖ్యలు 25, 54.

టీకా వేయని పిల్లల్లో ఒకచోట 71, మరొకచోట 54 ఎందుకు వచ్చిందన్నదే ఇక్కడ అసలు పాఠం. మొదటి పద్ధతి నడిచిన ప్రాంతాల్లో సమ్మతి ఇవ్వని కుటుంబాల పిల్లలకు టీకా గానీ ప్లాసిబో గానీ అందలేదు. అయినా వారిలో కేసులు లక్షకు 46 మాత్రమే. సమ్మతించినవారిలో కలిగిన కుటుంబాలు ఎక్కువ. శుభ్రమైన పరిసరాల్లో పెరిగిన ఆ పిల్లలకు, తల్లి నుంచి వచ్చిన రక్షణ ఇంకా ఉన్న పసితనంలో వైరస్ సోకే అవకాశం తక్కువ కాబట్టి, ఆ తరువాత సోకితే పక్షవాతం వచ్చే ముప్పు ఎక్కువ. రెండో పద్ధతి సమ్మతించినవారిని ఒకవైపు ఉంచి, అందరూ కలిసిన గుంపును మరోవైపు నిలబెట్టింది. అందువల్ల టీకా మేలు ఉన్నదానికన్నా తక్కువగా కనిపించింది. ఈ టీకా బలమైనది కాబట్టి ఆ లోపాన్ని తట్టుకుంది. బలహీనమైన టీకా అయితే దాని మేలు కంటికి ఆనకపోయేదేమో.

పిల్లలకు ఉత్తుత్తి సూది వేయడం న్యాయమా అన్న ప్రశ్న బాధ కలిగించేదే, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కానీ టీకా పని చేస్తుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు, తల్లిదండ్రుల సమ్మతి ఉంది. నిజమైన సందేహం, తెలిసి ఇచ్చిన సమ్మతి, ఈ రెండూ ఉన్నచోట చీటీ వేయడమే మేలని నా అభిప్రాయం. అలా తేల్చుకోకపోతే ఏమవుతుందో మెనోపాజ్ (ముట్లుడగడం) తరువాత ఇచ్చిన హార్మోన్ల చికిత్స చూపింది. ఆ హార్మోన్లు వాడే స్త్రీలకు గుండె జబ్బులు తక్కువని పరిశీలనా అధ్యయనాలు చెబుతూ వచ్చాయి. 16,608 మందిని యాదృచ్ఛికంగా విభజించి, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చి చూసిన అధ్యయనంలో మాత్రం గుండె జబ్బు తగ్గలేదు సరికదా, ఏడాదికి 10,000 మందిలో 7 కేసులు అదనంగా వచ్చాయి. రొమ్ము క్యాన్సర్ ముప్పు ముందే నిర్ణయించుకున్న హద్దు దాటడంతో 2002లో ఆ పరీక్షను గడువుకు ముందే ఆపేశారు.

ఇక గమనించడం నిరపాయకరమన్న నమ్మకానికి అమెరికాలోని టస్కీగీ అధ్యయనం ఒక్కటి చాలు సమాధానంగా. 1932 నుంచి 1972 వరకు, సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న 399 మంది నల్లజాతి పురుషులను, అసలు సంగతి వారికి చెప్పకుండా, ఊరికే గమనిస్తూ పోయారు. 1940ల్లోనే పెన్సిలిన్ ప్రామాణిక చికిత్సగా మారినా వారికి దాన్ని అందనివ్వలేదు.

అయితే హాని చేస్తుందని అనుమానమున్న దాన్ని చీటీ వేసి ఎవరికీ అంటగట్టకూడదు కాబట్టి, పొగాకు విషయంలో గమనించడమొక్కటే దారి. బ్రిటన్ పరిశోధకులు రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1951లో బ్రిటిష్ వైద్యులకు ప్రశ్నావళి పంపి, జవాబిచ్చిన సుమారు 40,000 మందిని దశాబ్దాల తరబడి అనుసరించారు. పొగ తాగే అలవాటుకూ క్యాన్సర్‌కూ కారణం ఒకే వారసత్వ లక్షణం కావచ్చని, యాదృచ్ఛిక విభజనకు పునాది వేసిన రోనాల్డ్ ఫిషరే అభ్యంతరం చెప్పారు. అడగవలసిన ప్రశ్నే అది. సిగరెట్ల సంఖ్య పెరిగినకొద్దీ ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరగడం, మానేసినవారిలో ముప్పు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతూ రావడం కనిపించాక ఆ అభ్యంతరానికి బలం తగ్గిపోయింది. సిగరెట్ మానేసినంత మాత్రాన ఎవరి వారసత్వమూ మారదు కదా.