నోటిమాటా, పవర్ ఆఫ్ అటార్నీయా, లివింగ్ విల్లా: చివరి దశ వైద్యానికి ఏది మేలు?

స్పృహ లేకుండా, కోలుకునే ఆశ లేకుండా మంచాన పడినప్పుడు తనకు ఏ వైద్యం చేయాలో, ఏది వద్దో ముందే చెప్పుకోదలచిన వారికి మన దేశంలో సాధారణంగా మూడు దారులు తోస్తాయి. పిల్లలకు నోటిమాటగా చెప్పి ఊరుకోవడం మొదటిది, తన తరఫున వ్యవహరించే అధికారం ఇస్తూ నమ్మకస్థుల పేరిట జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వడం రెండవది, చివరి దశలో ఏ వైద్యం వద్దో ముందే తెలిపే పత్రమైన లివింగ్ విల్ రాయడం మూడవది.

పవర్ ఆఫ్ అటార్నీని ముందే పక్కన పెట్టవచ్చు. భారత కాంట్రాక్టు చట్టంలోని 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన వ్యక్తి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం రద్దవుతుంది. అంటే ఆస్తి లావాదేవీలకు ఎంతో ఉపయోగపడే ఈ పత్రం, ఆలోచించే శక్తి పోయిన రోగి విషయంలో, సరిగ్గా అవసరం పడిన వేళకే చేతికి అందకుండా పోతుంది. అమెరికాలో వైద్య నిర్ణయాలకు ప్రత్యేకమైన అధికారపత్రాలు ఉన్నందున, అక్కడ స్థిరపడిన పిల్లలు ఇక్కడి తల్లిదండ్రుల చేత కూడా అటువంటిదే రాయిస్తే సరిపోతుందని అనుకోవడం సహజమే గాని, రెండూ ఒకటి కావు. ఆస్తి పంపకాల వీలునామా మరణానంతరమే అమలవుతుంది కాబట్టి అందులో ఈ కోరిక రాసినా ప్రయోజనం లేదు.

నోటిమాటను మాత్రం తేలికగా తీసివేయలేము. సుప్రీంకోర్టు 2018లో ఇచ్చి, 2023లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, రోగి ఏ పత్రమూ రాయకపోయినా, ఆసుపత్రిలోని వైద్య బోర్డులు ఆశ లేదని తేల్చి, దగ్గరి బంధువులు సమ్మతిస్తే కృత్రిమంగా ప్రాణం నిలిపే చికిత్సను విరమించవచ్చు. కుటుంబమంతా ఒక్క మాట మీద ఉంటే నోటిమాట కూడా నిలబడుతుంది. చిక్కల్లా ఆ ఒక్క మాట కుదరడంలోనే ఉంది. అర్ధరాత్రి ఐసీయూ బయటికి వచ్చిన డాక్టరు "వెంటిలేటర్ పెట్టమంటారా?" అని సమ్మతి పత్రం చేతికిచ్చినప్పుడు, నాన్నగారు వద్దన్నారని చెప్పడానికి కూతురికి నోరు రాదు, చెప్పినా, దూరదేశం నుంచి ఫోనులో ఉన్న కొడుకు ఒప్పుకోడు. కేసు భయంతో వైద్యులు చికిత్స కొనసాగిస్తారు. డబ్బూ ఓపికా అయిపోయాక, వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకువెళుతున్నామని సంతకం చేసి రోగిని ఇంటికి తెచ్చుకుంటారు. అప్పుడు నొప్పికి మందు ఇచ్చేవారూ, ఆయాసం తగ్గించేవారూ పక్కన ఉండరు. నోటిమాటను నమ్ముకోవడంలో నన్ను అన్నిటికన్నా బాధించేది ఇదే.

లివింగ్ విల్‌కు 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గుర్తింపునిచ్చింది. అయితే ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు సంతకం తప్పనిసరి చేయడంతో అది ఆచరణలో దాదాపు అసాధ్యమైంది. 2023 జనవరి 24న ఆ నిబంధన తొలగింది. ఇప్పుడు పద్దెనిమిదేళ్లు నిండి, మానసిక స్వస్థత గలవారెవరైనా ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేత గాని గెజిటెడ్ అధికారి చేత గాని ధ్రువీకరింపజేస్తే చాలు. ఈ రెండింటిలో ఏది సులువైతే అదే మేలు. పత్రం ఉన్నంత మాత్రాన చికిత్స ఆగిపోదు: అయిదేళ్ల అనుభవం గల నిపుణులున్న ప్రాథమిక బోర్డు, ఆ తరువాత మరో బోర్డు విడివిడిగా పరిశీలించి అంగీకరించాలి, అమలుకు ముందు మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. ప్రాణం తీసే ఇంజెక్షన్ వంటివి నేటికీ నేరమే.

అందువల్ల మూడింటిలో లివింగ్ విల్లే మేలని నిస్సంకోచంగా చెబుతాను. అయితే దానిని రాసే తీరులో కూడా ఎంచుకోవలసినది ఉంది. కొందరు వద్దనుకునే చికిత్సల జాబితా మాత్రమే రాస్తారు. "వెంటిలేటర్ వద్దు" అని విడిగా రాయడం ప్రమాదకరం, ఎందుకంటే న్యుమోనియాతో వచ్చిన మనిషిని అదే యంత్రం కొద్ది రోజుల్లో గట్టెక్కించవచ్చు. "కోలుకునే అవకాశం లేదని వైద్య బోర్డులు నిర్ధారించిన పక్షంలో వెంటిలేటర్, డయాలసిస్ కొనసాగించవద్దు, నొప్పి, ఆయాసం తగ్గించే మందులు మాత్రం ఆపవద్దు" అని షరతుతో రాయడం క్షేమం.

ఎంత వివరంగా రాసినా ఊహించని పరిస్థితి ఏదో ఒకటి వస్తుంది కాబట్టి, జాబితా కన్నా, మనం చెప్పలేని స్థితిలో మన తరఫున మాట్లాడేందుకు అందులో పేర్కొనే వ్యక్తి ముఖ్యమని నా అభిప్రాయం. ఒకరి కన్నా ఎక్కువ మందిని పేర్కొనేందుకు 2023 సవరణ వీలు కల్పించింది. పెద్దకొడుకు అన్న ఆనవాయితీని బట్టి కాకుండా, ఆసుపత్రికి గంటలో చేరుకోగలిగి, అయినవారి ఏడుపుల మధ్య కూడా మన మాటనే చెప్పగలిగేవారిని ఎంచుకోవాలి. అది కోడలైనా, చెల్లెలైనా సరే. ముందుగా వారి సమ్మతి అడగాలి, మిగిలిన పిల్లలకూ ఆ సంగతి తెలియాలి.

ఒక ప్రతి ఆ వ్యక్తి వద్ద, ఒకటి కుటుంబ వైద్యుని వద్ద, ఒకటి పంచాయతీ లేదా మునిసిపాలిటీ నియమించిన అధికారి వద్ద ఉండాలి. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. అప్పుడు పాత ప్రతులు ఉన్న ప్రతి చోటికీ ఆ మార్పు చేరాలి.